కారులో మూడు బటన్లు, సందులో ఒక గేటు: లాసన్స్ బే కాలనీ నుంచి ఒక సమీక్ష

పోయిన కార్తీక మాసంలో మేము కొన్న పాత కారులో, వెనుక వచ్చే బండ్లను చూసే అద్దం అడుగు అంచున, మూడు చిన్న బటన్లు ఉన్నాయి. కారు చూపించిన డీలరు వాటి గురించి ఒక్క మాటే చెప్పాడు: “ఇది నొక్కితే మీ గేటు తెరుచుకుంటుందండి.” ఆ మాట నిజం కావడానికి మాకు మూడు వారాలు, ఇద్దరు పనివారు, దగ్గర దగ్గర ఐదు వేల రూపాయలు పట్టాయి. ఆ బటన్లు రోజువారీ వాడుకలో ఎలా ఉన్నాయో, వాటిని గేటుకు కలిపిన పనివారి సేవ ఎలా ఉందో రెండింటినీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కారు పేరు, మోటారు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఏ కారుకైనా, ఏ మోటారుకైనా వర్తించే విషయం ఇందులో ఎక్కువగా ఉంది.

మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రం వైపు దిగే ఒక ఇరుకు సందులో ఉంది. గేటు దాటగానే ర్యాంపు పైకి లేస్తుంది కాబట్టి లోపలికి తెరుచుకునే రెక్కల గేటు కుదరక, పట్టా మీద పక్కకు జరిగే ఇనుప గేటు పెట్టించి, నాలుగేళ్ల కిందట దానికి మోటారు బిగించాము. మోకాలి చిప్ప మార్పించుకున్న మా నాన్నగారు వాలులో కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, దిగి గేటు తోయలేరు. చేతి రిమోటేమో ప్రతిసారీ సీటు కిందికి జారిపోయేది, లేదంటే అమ్మ చేతిసంచీలో పూర్ణా మార్కెటుకు వెళ్లిపోయేది. కారుకే అంటిపెట్టుకుని ఉండే బటను మా ఇంటికి విలాసమేమీ కాదు.

ఈ బటన్ల వెనుక ఉన్న పరికరాన్ని హోమ్‌లింక్ అంటారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన జెంటెక్స్ కంపెనీ దీన్ని కార్ల తయారీదారులకు సరఫరా చేస్తోంది. 2013లో జాన్సన్ కంట్రోల్స్ సంస్థ నుంచి ఈ వ్యాపారాన్ని కొనుక్కుంది. పరికరం చేసే పని వినడానికి తేలికే. చేతి రిమోట్‌ను దగ్గర పెట్టి నొక్కితే అది పంపే రేడియో సంకేతాన్ని కారు వింటుంది, గుర్తు పెట్టుకుంటుంది, ఆపైన అదే సంకేతాన్ని తానే పంపుతుంది. అమెరికాలో గ్యారేజీ తలుపుల రిమోట్లు ఎక్కువగా 300, 310, 315, 390 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీల మీద పనిచేస్తాయి. మన దగ్గర దొరికే గేటు మోటార్ల రిమోట్లు చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్‌వి. హోమ్‌లింక్ 288 నుంచి 433 వరకు అందుకుంటుంది కనుక ఆ లెక్కన మన గేట్లూ దాని పరిధిలోనే ఉన్నాయి. ఐరోపా మోటార్లలో కొన్ని మాత్రం 868 మీద నడుస్తాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే మీ కారులోని యూనిట్ దాన్ని అందుకుంటుందో లేదో కారు మాన్యువల్‌లో చూసుకున్న తరువాతే మిగతా పనికి దిగాలి.

మొదటి ఆదివారం మాన్యువల్ ముందు పెట్టుకుని, నాన్నగారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నేనే ప్రయత్నించాను. చేయవలసిన మొదటి పని పాత కోడ్లను చెరిపివేయడం. అటు చివరి బటను, ఇటు చివరి బటను రెండింటినీ ఒకేసారి నొక్కి పట్టి, చిన్న దీపం గబగబా మినుకుమనే దాకా, సుమారు 20 సెకన్లు, వదలకుండా ఉంచాలి. ఆ 20 సెకన్లలో నాకు తోచిన ఆలోచన ఒకటి చెప్పాలి: కారు ముందు యజమాని హైదరాబాదువాసి, అంటే ఆయన ఇంటి గేటు తాళంచెవి ఈ అద్దం కింద మాతోపాటు విశాఖపట్నం దాకా ప్రయాణం చేసి ఉండవచ్చు. ఆర్‌సీ బదిలీ, బీమా, ఫాస్టాగ్ అన్నీ సరిచూసిన డీలరు దీని ఊసే ఎత్తలేదు. ఒక్క బటను కోడునే విడిగా చెరపడం ఇందులో సాధ్యం కాదు. దాని మీద కొత్తది నేర్పవచ్చు, లేదా మూడింటినీ కలిపి తుడిచివేయవచ్చు. కారు అమ్మేవారు ఈ పని తామే చేసి ఇవ్వడం మంచిది.

చెరిపిన తరువాత చేతి రిమోట్‌ను కారు బటన్లకు రెండు మూడు అంగుళాల దూరంలో పట్టుకుని, కారు బటనునూ రిమోట్ బటనునూ కలిపి నొక్కాలి. దీపం ముందు నెమ్మదిగా మినుకుమంటుంది. కారు సంకేతాన్ని పట్టుకోగానే వేగం అందుకుంటుంది. మా దీపం వేగం అందుకోనే లేదు. రిమోట్ బ్యాటరీ పాతదేమోనని తెరిచి చూస్తే స్ప్రింగు పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రానికి ఇంత దగ్గరలో ఉండే ఇళ్లలో ఇది మామూలే. స్ప్రింగు గీకి, కొత్త 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేసి మళ్లీ మొదలుపెట్టాము. అప్పుడు ఇంకొక సంగతి తెలిసింది. మా రిమోట్‌ను ఎంతసేపు నొక్కి పట్టినా అది రెండు సెకన్లు మాత్రమే సంకేతం పంపి ఊరుకుంటుంది, కారేమో అంతకంటే ఎక్కువసేపు వినాలనుకుంటుంది. కెనడాలో చట్టమే రిమోట్లను అలా కొద్ది సెకన్లకు ఆపించేస్తుంది కాబట్టి, మాన్యువల్‌లో ఆ దేశం వారి కోసం వేరే పద్ధతి రాసి ఉంటుంది: కారు బటనును వదలకుండా ఉంచి, రిమోట్‌ను మాత్రం రెండు సెకన్లకొకసారి నొక్కుతూ వదులుతూ ఉండాలి. విశాఖలో కూర్చుని కెనడా పేజీ చదవాలని ఎవరికి తోస్తుంది? అయినా అలాగే చేశాము. “ఒరేయ్, దీపం ఇంకా నెమ్మదిగానే కొట్టుకుంటోందిరా” అని నాన్నగారు ప్రతి నిమిషానికీ హెచ్చరిస్తూనే ఉన్నారు. అరగంట తరువాత మానుకున్నాము.

మోటారు బిగించిన సంస్థకు ఫోను చేస్తే నాలుగు రోజుల తరువాత ఒక మనిషిని పంపించారు. ఆయన వచ్చి, రిమోట్‌తో గేటు తెరిచి, మూసి చూపించి, గేటు బాగానే ఉంది కనుక లోపం కారుదేనని తేల్చారు. మోటారు పెట్టె మూత తీయలేదు, కారు మాన్యువల్ అడగలేదు. ఇంకొక రిమోట్ కొనుక్కుని డ్యాష్‌బోర్డు మీద రెండు వైపులా అంటే టేపుతో అతికించుకోమని సలహా ఇచ్చి, వచ్చినందుకు 500 రూపాయలు తీసుకుని వెళ్లారు. ఆ సలహా చౌకైనదే, కొందరికి చాలు కూడా. కానీ మే నెల ఎండలో బీచ్ రోడ్డు మీద నిలిపిన కారులో ఆ టేపు ఎన్ని రోజులు పట్టుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు. నేను అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదన్నదే నా అభ్యంతరం.

రెండవ మనిషి సంగతి వేరు. పక్కింటివారు చెప్పగా కంచరపాలెం నుంచి వచ్చిన ఈ యువకుడు సొంతంగా గేటు మోటార్ల పని చేసుకుంటాడు. రావడానికి ముందే ఫోనులో మూడు ఫొటోలు అడిగాడు: మోటారు బోర్డుది ఒకటి, రిమోట్ వెనుక మూత తీసిన తరువాత లోపలి చిప్‌ది ఒకటి, కారు మాన్యువల్‌లో ఈ బటన్ల పేజీది ఒకటి. పని తెలిసినవాడని ఆ ప్రశ్నతోనే అర్థమయింది. చెప్పిన సమయానికి వచ్చి, అరచేతిలో పట్టే చిన్న మీటరు ముందు మా రిమోట్ నొక్కి 433.92 అనే అంకె చూపించాడు. ఆ తరువాత అతను చెప్పిన మాట నాకు నచ్చింది: “గురువుగారూ, బండిలో లోపం లేదండి, బోర్డులోనూ లోపం లేదండి. ఇద్దరికీ పరిచయం లేదంతే.”

ఆ పరిచయం సంగతి కొంచెం వివరించాలి. గేటు రిమోట్లు రెండు రకాలు. మొదటి రకం ఎప్పుడు నొక్కినా ఒకే కోడు పంపుతుంది. పాత రిమోట్లలో ఎనిమిది చిన్న మీటలను పైకీ కిందికీ మార్చి ఆ కోడు పెట్టేవారు, అంటే మొత్తం 256 కోడ్లే సాధ్యం. ఇలాంటి రిమోట్‌ను కారు విన్నది విన్నట్టు అప్పజెప్పగలదు. రెండవ రకాన్ని రోలింగ్ కోడ్ అంటారు. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ లాగా ఇది నొక్కినప్పుడల్లా కొత్త కోడు పంపుతుంది. వాడేసిన కోడును గేటు మళ్లీ ఒప్పుకోదు. కాబట్టి ఒకసారి విన్న కోడును అప్పజెప్పి ప్రయోజనం లేదు. తరువాతి కోడును లెక్క కట్టే పద్ధతి కారుకు ముందే తెలిసి ఉండాలి, పైగా కారు ఒక కొత్త రిమోట్‌గా గేటు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పద్ధతి ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్కటి. కారు లోపలి జాబితాలో ఉన్న తయారీదారైతే పని జరుగుతుంది, లేకపోతే దీపం నెమ్మదిగా మినుకుమంటూనే ఉంటుంది. మా మోటారు రిమోట్ రోలింగ్ కోడ్‌ది, మా కారు జాబితాలో లేని కోవది. మేము ఎన్ని బ్యాటరీలు మార్చినా, ఎన్ని దేశాల పేజీలు చదివినా అది జరిగే పని కాదు. మోటారు కొనే ముందే కారు పేరు, మోటారు పేరు ఇచ్చి హోమ్‌లింక్ వెబ్‌సైటులో పొంతన సరిచూసుకునే వీలుంది; నాలుగేళ్ల కిందట మాకు అలాంటి కారు వస్తుందన్న ఆలోచనే లేదు.

మోటారు మార్చనవసరం లేదని అతను చెప్పాడు. దాదాపు ఏ మోటారు బోర్డు మీదైనా గోడ స్విచ్చు కలుపుకోవడానికి రెండు టెర్మినళ్లు, అంటే తీగలు బిగించే చోట్లు, ఉంటాయి. ఆ రెండూ ఒక్క క్షణం కలిస్తే గేటు కదులుతుంది. కారుకు తెలిసిన కోవకు చెందిన ఒక చిన్న రిసీవరును (రేడియో సంకేతాన్ని అందుకునే పరికరాన్ని) విడిగా తెచ్చి, దాని రిలేను, అంటే సంకేతం అందగానే దానంతట అదే కలిసే స్విచ్చును, ఆ టెర్మినళ్లకు కలిపితే, కారు మాట రిసీవరు వింటుంది, రిసీవరు గోడ స్విచ్చు నొక్కినట్టు మోటారుకు చెబుతుంది. పాత చేతి రిమోట్లు పాత దారిలోనే పనిచేస్తూ ఉంటాయి. అతని సంచిలో రెండు రకాల రిసీవర్లున్నాయి: మారని కోడుది 900 రూపాయలు, ఒక ఐరోపా కంపెనీ తయారుచేసిన రోలింగ్ కోడ్‌ది రెండు రిమోట్లతో కలిపి 2,600 రూపాయలు. మొదటిదాన్ని కారు ఐదు సెకన్లలో నేర్చేసుకుంది. అంత తేలికగా మా కారు నేర్చుకున్నదాన్ని సందులో నిలబడి ఇంకెవరి యంత్రమైనా అంతే తేలికగా నేర్చుకోగలదు కదా అనిపించి, ఖరీదైనా రెండవదే పెట్టించాను. ఇంటి గేటు విషయంలో 1,700 రూపాయల తేడా చూసుకోవడం నాకు సబబుగా తోచలేదు.

రోలింగ్ కోడ్‌దాన్ని నేర్పిన తరువాత అదే కారు బటనును నొక్కి పడితే దీపం రెండు సెకన్లు గబగబా మినుకుమని తరువాత నిలకడగా వెలుగుతుంది. అలా వెలిగిందంటే సగం పనే అయిందని అర్థం. మారని కోడు అయితే మొదటి నుంచీ నిలకడగా వెలుగుతుంది. మిగతా సగం గేటు దగ్గర ఉంది. రిసీవరు మీద కొత్త రిమోట్‌ను నమోదు చేసుకునే లెర్న్ బటను నొక్కి, 30 సెకన్ల లోపల కారులోకి వచ్చి, నేర్పిన బటనును రెండు సెకన్ల చొప్పున రెండు మూడు సార్లు నొక్కాలి. అంతర్జాలంలోని వీడియోల్లో ఇదంతా విశాలమైన అమెరికా గ్యారేజీలో, నిచ్చెన మీద నిలబడి కప్పుకు వేలాడే మోటారు దగ్గర చేస్తారు. మన దగ్గర మోటారు గేటు పక్కన కాలువ గట్టు మీద ఉంటుంది, మూతకు తాళం ఉంటుంది, మూత తీస్తే లోపల ఎర్రచీమల పుట్ట, రెండు బల్లి గుడ్లు ఉంటాయి. అతను వాటిని బ్రష్‌తో ఊడ్చి, బోర్డును శుభ్రం చేసిన తరువాతే తీగల మీద చెయ్యి వేశాడు. ఒక మనిషి కారులో, ఒక మనిషి మోటారు దగ్గర ఉంటే ఆ 30 సెకన్ల కోసం పరుగు పెట్టనక్కరలేదు. నాన్నగారు కారులో కూర్చుని మూడోసారి నొక్కగానే గేటు కదిలింది.

కదిలింది గానీ, కారు గేటుకు ఆనుకునేంత దగ్గరగా వస్తేనే కదిలింది. ఇక్కడే అతని పనితనం నాకు పూర్తిగా తెలిసింది. ఇంకొకరైతే పని అయిందని డబ్బు తీసుకుని వెళ్లిపోయేవారు. ఇతను రిసీవరు నుంచి వచ్చే సన్నటి యాంటెన్నా తీగ ఇనుప పెట్టె లోపల చుట్ట చుట్టుకుని ఉండటం చూసి, 433 మెగాహెర్ట్జ్‌కు కావలసిన పొడవు సుమారు 17 సెంటీమీటర్లని, చుట్ట చుట్టినా ఇనుము లోపల దాచినా ఆ తీగ దాదాపు చెవిటిదేనని చెప్పి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో రిసీవరును పెట్టి పిట్టగోడ మీద బిగించి, తీగను నిటారుగా నిలబెట్టాడు. దానితో సందు మొదట్లో, పదిహేను ఇరవై మీటర్ల దూరం నుంచే గేటు మాట వినడం మొదలుపెట్టింది. డబ్బాకు, తీగలకు 350, పనికి 1,200 తీసుకున్నాడు. వారం తరువాత ఎలా ఉందని అతనే ఫోను చేసి అడిగాడు.

వాడకం మొదలై ఇప్పటికి ఐదు నెలలు. వానలో అద్దం దించకుండా లోపలికి రావడం, నాన్నగారు ఒక్కరే బయటికి వెళ్లి రాగలగడం, రిమోట్ కోసం వెతుకులాట లేకపోవడం, ఇవి మూడూ నిజమైన లాభాలే. మా కారులో ఇంజను స్విచ్చు వేసి ఉంటేనే బటన్లు పనిచేస్తాయి. వీధిలో నిలిపిన కారు అద్దం పగలగొట్టి గేటు తెరవడం కుదరదు కనుక అది మంచిదే. స్కూటరుకు మాత్రం చేతి రిమోట్ తప్పదు.

దూరం నుంచి పనిచేయడం వల్ల ఒక ప్రమాదం కూడా వచ్చింది. సందులో సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడతారు, బంతి మా గేటు కిందికే దొర్లుతుంది. గేటు కంటికి కనిపించకుండా సందు మొదట్లోనే బటను నొక్కడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. అమెరికాలో 1993 జనవరి 1 నుంచి ఇళ్ల గ్యారేజీ తలుపుల మోటార్లకు, అడ్డం వస్తే తలుపు వెనక్కి మళ్లే విధంగా, కిరణాల సెన్సార్ల వంటి అదనపు రక్షణ ఏర్పాటు తప్పనిసరి చేశారు. మోటారు కొన్నప్పుడు మాకు కొటేషను ఇచ్చిన ఇద్దరు మాత్రం ఆ సెన్సార్ల జతను విడి వస్తువుగా, వద్దంటే తీసివేయదగినదిగా రాశారు. అదృష్టవశాత్తు అప్పుడు వద్దనలేదు.

ఆ సెన్సార్ల వల్లనే ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను అనవసరంగా కంగారు పడ్డాను. కారు బటనుతో గేటు తెరుచుకుంటోంది గానీ మూసుకోవడం లేదు. కోడు పోయిందనుకుని మళ్లీ నేర్పబోయి, తెరుచుకుంటున్నప్పుడు కోడు పోవడమేమిటని ఆగాను. సెన్సారు గాజు మీద ఉప్పుగాలి తెల్లటి పొరలా పేరుకుని, ఏదో అడ్డం ఉందని గేటు అనుకుంటోంది. తడిగుడ్డతో తుడవగానే మూసుకుంది. సముద్రం దగ్గర ఉండేవారు వారానికి ఒకసారి ఆ గాజులు తుడుచుకోవాలి, మోటారు పళ్ల పట్టీకి తుప్పు పట్టకుండా చూసుకోవాలి.

కరెంటు పోయినప్పుడు కారు బటను పనిచేయదని వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేని సంగతి గుర్తున్నవారు, మోటారును విడిపించి గేటును చేత్తో తోయడానికి ఇచ్చే తాళంచెవి ఎక్కడ పెట్టారో ఇంటిల్లిపాదికీ తెలిసేలా చూసుకుంటారు. మాది పూజగది తలుపు వెనుక మేకుకు వేలాడుతూ ఉంటుంది. బ్యాకప్ బ్యాటరీలు కూడా పెట్టించవచ్చు, మేము పెట్టించలేదు.

సొంత గేటు, దానికి మోటారు, కారులో ఈ బటన్లు ముందే ఉన్నవారు ఈ ఖర్చుకు వెనుకాడనక్కరలేదని నా అభిప్రాయం. ఈ బటన్ల కోసమే కారులో పై మోడలు తీసుకోవాలనుకునేవారికి మాత్రం నేను సలహా ఇవ్వను. చేతి రిమోట్‌కు ఒక మంచి గూడు ఏర్పాటు చేసుకుంటే ముప్పావు వంతు సుఖం దొరుకుతుంది. అపార్టుమెంట్లలో ఉండేవారు ఉమ్మడి గేటు బోర్డు మీద చెయ్యి వేసే ముందు సంఘం అనుమతి తీసుకోవాలి, లేకపోతే గేటు మొరాయించిన ప్రతిసారీ మీ పేరే వినిపిస్తుంది. పనివారిని పిలిచేటప్పుడు, వస్తామనేవారు ముందుగా బోర్డు ఫొటో అడిగారా లేదా అన్నది గమనించండి.

మా మూడు బటన్లలో మొదటిది గేటుకు, రెండవది అదే రిసీవరు రెండవ దారి గుండా పోర్టికో దీపానికి పనిచేస్తున్నాయి. ఖాళీగా ఉన్న మూడవదానికి బోరు మోటారు కలిపించమని నాన్నగారు ఉగాది నుంచి అడుగుతున్నారు. సరైన కాంటాక్టరు (పెద్ద మోటారు కరెంటును తట్టుకునే స్విచ్చు) పెడితే అదీ సాధ్యమేనని కంచరపాలెం యువకుడు ఫోనులో ఒప్పుకున్నాడు. సందు మొదట్లో కారులో కూర్చున్న మనిషికి పైన ట్యాంకు నిండిందో లేదో ఎలా తెలుస్తుందని నేను అడిగితే, నాన్నగారు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.